సిస్టరు గారి ఆఖరి సీను

రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి కూడా పోకుండా తిన్నగా నాటికల పోటీకి వచ్చే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉంది. అదిగో, హాలు వెనక మెట్ల మీద గోడకి జారబడి, చల్లారిపోయిన టీ కప్పు చేత్తో పట్టుకుని, కళ్ళు తెరుచుకునే కునుకు తీస్తోందే, ఆవిడే. ఆస్పత్రిలో ఆవిడ సిస్టర్. వీధిలోనూ సిస్టరే. పాలవాడికీ, కరెంటు మీటరు చూసేవాడికీ కూడా సిస్టరే. మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క బెడ్డు పెద్దాయన రాత్రంతా సెలైను గొట్టం పీకేసుకుంటూనే ఉన్నాడు, ఈవిడ మళ్ళీ పెడుతూనే ఉంది. తెల్లారేసరికి ఒళ్ళు హూనమైపోయింది. నాటిక మధ్యాహ్నం. పోనీ ఇంటికెళ్ళి కాసేపు నడుం వాలుద్దామంటే, పొద్దున్నే వచ్చి స్టేజీ మీద ఒకసారి నడిచి చూసుకోవాలని కబురు.

కబురు పంపినాయన ఎవరో కాదు, కట్టుకున్న మొగుడే. నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఏ బళ్ళోనూ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, నాటకాల వాళ్ళందరికీ ఆయన మాస్టారు. రాసేదీ ఆయనే, ఆడించేదీ ఆయనే, తెర పక్కన నిలబడి మాట అందించేదీ ఆయనే. చెడ్డవాడని మాత్రం అనకండి. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. నాటికలు రాస్తాడు, అంతే. ఇంట్లో బల్బు మాడిపోతే వెలుగున్న గదిలోకి మారి రాసుకుంటాడు గానీ, కొత్త బల్బు తెచ్చి పెడదామన్న ఆలోచన ఆయనకి రాదు. అది సిస్టర్‌కి రావాలి.

సిస్టర్‌కి నాటికలంటే పడదనుకునేరు. ప్రాణం! పెళ్ళికి ముందు నుంచీ వెనక వరసలో కూర్చుని చూసేది. పెద్ద నాటకాలంటే మాత్రం ఆమడ దూరం. అందులో రాజుగారు చచ్చేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. నాటికలో అలాక్కాదు. ఒక గది, ఇద్దరు మనుషులు, వాళ్ళ మధ్య గొంతులో అడ్డుపడ్డ ఒక మాట. ఆ మాట బయటికొచ్చేసరికి గంట కూడా పట్టదు. వచ్చాక ఏం జరిగిందో రాయరు, తెర దించేస్తారు. మిగతాది నువ్వు బస్సులో అనుకుంటూ ఇంటికి పోవాలి. ఈ కాలం వాళ్ళు రాసేవి ఆవిడకి ఇంకా ఇష్టం. వాటిలో దేవుళ్ళుండరు, రాజులుండరు, లిఫ్టులో ఇరుక్కున్న వాళ్ళూ, అద్దింటి గొడవలూ, ఆస్పత్రి వరండాలూ ఉంటాయి. తెర లేచిన కాసేపటికే ఆవిడ చెప్పేస్తుంది ఇందులో ప్రాణం ఉందో లేదో. మొగుడి నాటికల గురించి మాత్రం ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఈ నాటిక సంగతి ఆవిడకి వంటింట్లో తెలిసింది. రిహార్సళ్ళు వాళ్ళింటి ముందు గదిలోనే. కథ ఏమిటంటే, బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ సాయంత్రం ఇంటికొస్తుంది. మొగుడు లోపల్నుంచి ఒకటే కేకలు, అది ఏది, ఇది ఏది అని. ఆవిడ కుర్చీలో కూలబడి కాసేపు కళ్ళు మూసుకుంటుంది. ఆ తర్వాత లేచి, పెళ్ళయిన నాటి నుంచీ అననిది మొత్తం అనేస్తుంది. ఆ ఆఖరి డైలాగు పేజీకి పైనే ఉంటుంది. మొదట ఆ వేషం బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయిది. ఆ అమ్మాయి ముందు గదిలో నిలబడి డైలాగు చదువుతోంది, సిస్టర్ వంటింట్లో అందరికీ టీ వడగడుతోంది.

“ఈ ఇంట్లో తువ్వాలు కనబడకపోతే తువ్వాలుని వెతకరు, నన్ను వెతుకుతారు. నేను పడుకుంటే ఇల్లు ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది, ఎప్పుడు లేస్తానా అని. నాకేమీ కొనివ్వకండి. ఒక్క పూట నన్ను పిలవకండి...”

టీ కప్పులోంచి పొర్లి గట్టు మీంచి పాదాల మీద పడేదాకా సిస్టర్‌కి తెలియలేదు. చుర్రుమంది. కాలిందానికి కాదు గానీ, ఆవిడకి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఆ తువ్వాలు ఆవిడ తువ్వాలే. ఆ పడుకోవడం ఆవిడ పడుకోవడమే. ఎదుటివాళ్ళకి తెలిసిపోతుందని ఆస్పత్రిని తీసి ఫ్యాక్టరీ పెట్టాడు గానీ, మిగతాదంతా పొల్లు పోకుండా ఆవిడ బతుకే. పాపం ఈయన లోకం ఈయనది, ఇంట్లో ఏం జరుగుతోందో తెలీదు అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకుంది. తెలీదేమిటి, అన్నీ తెలుసు! తెలిసే కేకలేస్తున్నాడు తువ్వాలేదని.

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఒళ్ళు అలిసిపోయిన మనిషికి కోపం ఎంతసేపు నిలుస్తుంది? అంట్లు తోమేసరికి చల్లారింది. మర్నాడు మళ్ళీ డ్యూటీ.

ఇంతలో బ్యాంకు అమ్మాయికి ట్రాన్స్‌ఫర్ అయింది. మాస్టారు రెండ్రోజులు అన్నం సయించక తిరిగి, మూడో రోజు పెళ్ళాం వంక కొత్తగా చూశాడు.

“డైలాగులన్నీ నీకు వచ్చు కదే!”

“వింటే రావా మరి. ఇంట్లో రోజూ అదేగా గోల.”

“అయితే నువ్వే వెయ్యి. ఇంకో మాట చెప్పకు.”

సిస్టర్ ఒద్దనలేదు. ఆయన ఎగిరి గంతేశాడు, నా మీద ఎంత అభిమానమో అని. అసలు కారణం వేరు. ఆ డైలాగు ఆయన మొహం చూస్తూ చెప్పాలని ఆవిడ కోరిక. ఇంట్లో నోరు తెరిచి ఆ మాట అనాలంటే ఆవిడ వల్ల కాదు. అలవాటు లేదు, ఓపికా లేదు. ఎదుటివాడే రాసిచ్చి, చెప్పమని బతిమాలుతుంటే చెప్పడానికేం?

కానీ రిహార్సళ్ళలో కుదిరితేగా! రెండు ముక్కలు అనేసరికి మాస్టారు ఆపేస్తాడు. “గొంతు తగ్గించు. అక్కడ మింగాలి. ఆ, ‘పిలవకండి’ దగ్గర కన్నీళ్ళు రావాలి.” ఆవిడ మాట ఆయన చెవిన పడితే కదా, గొంతే పడుతోంది. పోన్లే, పోటీ రోజున ఆపలేడుగా అనుకుంది. ఆ రోజు ఆయన తెర పక్కన, ఆవిడకి ఎదురుగా నిలబడి ఉంటాడు. జనం ఉంటారు. లేచి వెళ్ళిపోవడానికి లేదు, సరిదిద్దడానికి లేదు. మొదటి నుంచి చివరిదాకా నోర్మూసుకుని వినాలి. ఇదిగో, ఈ ఒక్క ఆశతోనే సిస్టర్ రాత్రి డ్యూటీ దిగి ఆ మెట్ల మీద కూర్చుంది.

అక్కడే మాస్టారు ఒక తెలివైన పని చేశాడు. ఇంట్లో రిహార్సళ్ళన్నీ చెక్క స్టూలు మీద. పోటీ నాడు స్టేజీకి నిండుదనం ఉండాలని, హాలు మేనేజరు గదిలోంచి మెత్తటి సోఫా కుర్చీ అడిగి తెచ్చి పెట్టించాడు. కూర్చుంటే సగం మనిషి లోపలికి దిగిపోయే కుర్చీ. పైగా పెళ్ళానికి ఒక కిటుకు చెప్పాడు. “కళ్ళు మూసుకున్నాక వెంటనే లేవకు. మనసులో పది దాకా లెక్కపెట్టి అప్పుడు లే. జనం ఉగ్గబట్టుకుని చూస్తారు.”

రాత్రంతా నిలబడొచ్చిన మనిషిని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, దీపాలు తగ్గించి, కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టమన్నాడు మహానుభావుడు! ఈ ఆలోచన నాటకాల వాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు.

నాటిక మొదలైంది. సిస్టర్ బాగానే చేసింది. సంచీ దింపింది, చెప్పులు విడిచింది, లోపల్నుంచి మొగుడు వేషం వేసిన మెడికల్ షాపాయన పెడుతున్న కేకలకి ‘వస్తున్నా’ అంటూ అటూ ఇటూ తిరిగింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. తెర పక్కన మాస్టారు కనబడుతున్నాడు, చేతిలో కాగితాలతో. ఇంకాసేపట్లో నీ పని చెబుతా అనుకుంటూ కుర్చీలో కూర్చుంది. కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు అని మొదలెట్టింది. ఆరు దాకా ఆవిడకి గుర్తుంది.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి హాలంతా చప్పట్లు. ఇంత గట్టిగా కొడుతున్నారు, డైలాగు ఎప్పుడు చెప్పేశానబ్బా అనుకుంది. చెప్పనేలేదని ఆ వెంటనే అర్థమైంది.

ఏం జరిగిందో మెడికల్ షాపాయన తర్వాత చెప్పాడు, చెమటలు తుడుచుకుంటూ. ఆవిడ లేవకపోయేసరికి ఆయన పై ప్రాణాలు పైనే పోయాయట. ‘కాఫీ ఏదీ’ అన్న మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడట. తెర చాటు నుంచి మాస్టారు ‘ఈ ఇంట్లో తువ్వాలు, ఈ ఇంట్లో తువ్వాలు’ అని అందిస్తూనే ఉన్నాడట. ఆవిడ ఉలకదు, పలకదు. దగ్గరికెళ్ళి చూస్తే సన్నగా గురక. ఇంక ఏం చెయ్యాలో తోచక, స్టేజీ మీద ఫ్యాను ఉంటే దాన్ని ఆవిడ వైపు తిప్పాడట. అది తిరగని ఫ్యాను, ఊరికే అలంకారానికి పెట్టింది. దండెం మీద దుప్పటి తీసి కప్పాడట. కప్పి, కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడ్డాడట, ఇంక తన వల్ల కాక. లైట్లబ్బాయి నాటిక అయిపోయిందనుకుని దీపాలు తగ్గించేశాడు.

ఆ పోటీలో ఒక పద్ధతి ఉంది. ప్రతి నాటికా అయ్యాక, రాసినాయన్నీ వేసిన వాళ్ళనీ వేషాలతోనే స్టేజీ మీద కుర్చీల్లో కూర్చోబెడతారు. ఒక పెద్దాయన మైకు పట్టుకుని ఆ నాటికలో ఏది బాగుందో ఏది లేదో జనం ముందే విడమరిచి చెబుతాడు. ఈ పెద్దాయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాడు, మొహమాటం లేని మనిషి. అంతకుముందు నాటికని ‘మాటలెక్కువ, మనుషులు తక్కువ’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మాస్టారు పాలిపోయిన మొహంతో వచ్చి కూర్చున్నాడు. పెళ్ళాం వైపు చూడలేదు.

పెద్దాయన మైకు అందుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“మన వాళ్ళకి ఒక జబ్బుంది,” అన్నాడు. “చక్కగా రాసుకొస్తారు. ఆఖర్న మాత్రం ఎవరో ఒకరిని లేపి ఉపన్యాసం చెప్పిస్తారు, జనానికి అర్థం కాదేమోనని బెంగ. ఈ కథ చూస్తుంటే నాకదే భయం పట్టుకుంది. ఇదిగో లేస్తుంది, ఇదిగో దులిపేస్తుంది అనుకున్నాను. లేవలేదు! లేవడానికి ఆవిడలో ఏం మిగిలిందని లేస్తుంది? తిరగబడాలన్నా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. ఆ మొగుడు దుప్పటి కప్పి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు చూడండి, అప్పటికి తెలిసింది వాడికి. ఒక్క మాట లేకుండా! నాటికంటే ఇదయ్యా. ఎన్నాళ్ళకి చూశాను.”

చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి. సిస్టర్ తల దించుకుని వింటోంది. ఆవిడకి మండింది ఎక్కడంటే, పెద్దాయన చెప్పింది నిజం. వెనక వరసలో కూర్చుని చూసి ఉంటే తనూ అదే అనేది. డైలాగు లేకపోతేనే నాటిక బాగుంది. మరి తన మాట? దాని కోసం కదా ఒళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది!

“ఆ ఉపన్యాసం పెట్టకూడదని ముందే అనుకున్నారా?” అని పెద్దాయన మాస్టార్ని అడిగాడు.

మాస్టారు నీళ్ళు నమిలాడు. చప్పట్లు వింటూ వింటూ ఉండగా ఆయన మొహంలోకి రంగు వచ్చేసింది. “మొదట రాశానండీ. తర్వాత... అనవసరం అనిపించింది. తీసేశాను.”

మెడికల్ షాపాయనకి పొలమారింది. సిస్టర్ తలెత్తి మొగుడి వంక చూసింది.

“అమ్మా, ఆ నిద్ర ఎలా అభినయించారు? సాధన చేశారా?”

“అభినయం కాదండీ,” అంది సిస్టర్ మైకు అందుకుని. “నిజంగానే నిద్రపట్టేసింది. రాత్రి డ్యూటీ.”

హాలు గొల్లుమంది. ఎంత వినయమో అని ముందు వరసలో ఎవరో అన్నారు. ఆవిడ మైకు వదల్లేదు. ఇప్పుడు అనచ్చు. మాస్టారు పక్కనే ఉన్నాడు, జనం ఉన్నారు, మైకు చేతిలో ఉంది.

“ఇంకొక మాట ఉందండీ చెప్పాల్సింది. అసలు ఆఖర్న...”

“వద్దమ్మా!” పెద్దాయన చేతులు జోడించాడు, నిజమైన గౌరవంతోనే. “ఇంక మాట్లాడి దాన్ని పాడుచేయకండి. ఆ మౌనం చాలు మాకు.” మైకు ఆవిడ చేతిలోంచి సుతారంగా తీసేసుకున్నాడు.

ఉత్తమ నాటిక అదే. సాయంత్రం మైకులో చెప్పారు. జ్ఞాపిక చాలా బరువుగా ఉంది. దాన్ని బస్సులో మాస్టారు చంటిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్క సీట్లో కిటికీ వైపు సిస్టర్. కూర్చున్న దగ్గర్నుంచీ ఆయన నోరు ఆగలేదు. ఆ డైలాగు పేజీ చింపేస్తాడట. ఎప్పట్నుంచో ఆయనకీ అనుమానంగానే ఉండేదట అది ఎక్కువైందని. మెడికల్ షాపాయన ఆ దుప్పటి ఇంకొంచెం నెమ్మదిగా కప్పాలట.

“వచ్చే నెల ఇంకో పోటీ ఉంది కదా,” అన్నాడు గొంతు తగ్గించి. “దానికి ముందు రోజు నువ్వు నైట్ డ్యూటీ వేయించుకోగలవా? అడిగి చూడు. ఊరికే కళ్ళు మూసుకుంటే ఆ సహజత్వం రాదు.”

సిస్టర్ కిటికీలోంచి మొహం ఇటు తిప్పింది. కోపంగా తిప్పలేదు. అంత ఓపిక లేదు.

“ఏవండీ, అదంతా మీకు తెలుసా?”

“ఏదంతా?”

“ఆ నాటికలో ఉందే. ఆవిడ పడుకుంటే ఇల్లు ఊపిరి బిగబట్టడం, తువ్వాలు, పిలుపులు. అదంతా.”

“భలేదానివే. తెలియకపోతే ఎలా రాస్తాను?” అన్నాడు మాస్టారు, కొంచెం గర్వంగానే.

“తెలిసి ఏం చేశారు?”

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. ఒళ్ళో జ్ఞాపిక వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు.

“అదేమిటే, నాటిక రాశాను కదా!”

కల్లాకపటం లేకుండా అన్నాడు పాపం. సిస్టర్‌కి నవ్వొచ్చింది. పైకే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది, ఏడుస్తూ గట్టిగా అంది, “వచ్చే నెల నేను రాను. ఆ రోజు ఇంట్లో పడుకుంటాను. మీ తువ్వాలు మీరే వెతుక్కోండి.”

ముందు సీట్లో తలలు వెనక్కి తిరిగాయి. మాస్టారు కంగారుగా ఆవిడ చెయ్యి నొక్కాడు. “నెమ్మదే. నలుగురూ చూస్తున్నారు.”

“చూడనీండి. పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నారు. చూడాల్సింది మీరు.”

ఆయన చూశాడు. ఏం చూడాలో తెలియక, ఏదో ఒకటి చెయ్యాలని జేబులోంచి రుమాలు తీశాడు. “చాల్లే, ఊరుకో. మొహం కూడా సరిగ్గా కడుక్కోలేదు నువ్వు, కళ్ళ కింద రంగు అలాగే ఉండిపోయింది.” సీసాలో నీళ్ళతో రుమాలు తడిపి, ఆవిడ కళ్ళ కింద నలుపు తుడవబోయాడు. ఒకసారి తుడిచాడు. పోలేదు. కాస్త గట్టిగా మళ్ళీ తుడిచాడు. రుమాలు తిప్పి చూసుకున్నాడు. దానికి ఏమీ అంటలేదు.

“నాకు వాళ్ళు రంగు వెయ్యలేదండీ,” అంది సిస్టర్. “అక్కర్లేదన్నారు.”